అక్కా, బ్యాలెన్స్ ఎలా?

పోయిన సెమిస్టర్‌లో మా డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఇద్దరు సీనియర్లతో ఆన్‌లైన్‌లో మెంటారింగ్ సెషన్ పెట్టారు. ఒక అన్నయ్య, ఒక అక్క. ఇద్దరికీ పెళ్ళయింది, ఇద్దరికీ చిన్నపిల్లలు ఉన్నారు. అన్నయ్యని ప్రాజెక్టుల గురించి, ప్యాకేజీ గురించి అడిగాం. అక్కని మాత్రం "ఇల్లూ ఉద్యోగం ఎలా బ్యాలెన్స్ చేస్తున్నారు?" అని అడిగాం. అడిగింది ఇంకెవరో కాదు, నేనే. అక్క నవ్వి, "అదే ప్రశ్న అన్నయ్యని కూడా అడుగమ్మా" అంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ తర్వాత ఈ విషయం మీద కొంత చదివాను. తెలుసుకున్నది మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

ముందు ఒక లెక్క. 2019లో మన దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. మూడు గంటల పైచిలుకు తేడా! "టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకో" అని ఒక్క మాట చెప్పేస్తే ఈ తేడా పూడదు కదా. మరి మెంటార్ చేయగలిగింది ఏమిటి?

ఈ రంగంలో క్యాథీ క్రామ్ 1985లో రాసిన 'మెంటారింగ్ ఎట్ వర్క్' పేరున్న పుస్తకం. మెంటార్ చేసే పనుల్ని ఆమె రెండు రకాలుగా చూపించింది. ఒకటి, కెరీర్‌కి సాయం: పని నేర్పడం, మంచి అవకాశం ఇప్పించడం, పెద్దవాళ్ళ దగ్గర మన పేరు చెప్పడం. రెండోది, మనసుకి అండ: భయాలు వినడం, తను నడిచిన దారి చూపించడం. మనం అమ్మాయిలకి మెంటారింగ్ అనగానే రెండోదాంతో ఆపేస్తాం. ధైర్యం చెప్పి పంపించేస్తాం. మొదటిది లేకపోతే ఆ ధైర్యం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

రెండూ దొరికితే ఏమవుతుందో చూడాలంటే మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత గారి కథ చదవాలి. పదిహేనేళ్ళకే పెళ్ళి. పద్ధెనిమిదేళ్ళకి భర్త పోయారు. అప్పటికి చేతిలో నాలుగు నెలల పాప. డాక్టర్ చదివితే అర్ధరాత్రి పిలుపు వచ్చినా పాపని వదిలి వెళ్ళాలి, అందుకని ఇంజనీరింగ్ ఎంచుకున్నారు. నాన్న పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. అమ్మాయిలే లేని ఆ కాలేజీలో కూతురి కోసం ఆయనే అనుమతి అడిగారు. ఆమె 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీర్‌గా బయటికి వచ్చారు. తర్వాత కలకత్తాలో పనిచేస్తూ భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల డిజైన్‌లో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకి వెళ్ళారు. పాప పెంపకంలో తోడబుట్టినవాళ్ళ కుటుంబాలు చేయి వేశాయి.

ఇందులో నాకు కనిపించింది ఇదీ: లలిత గారి పట్టుదల గొప్పదే, కానీ "బ్యాలెన్స్" ఆమె ఒక్కరే మోసిన బరువు కాదు. తలుపు తట్టిన నాన్న ఉన్నారు. పాపని చూసుకున్న ఇల్లు ఉంది. పనివేళలు ముందే ఆలోచించి ఎంచుకున్న చదువు ఉంది. మెంటార్ ఈ ఏర్పాట్ల గురించి మాట్లాడాలి.

అందుకే మెంటార్‌ని అడగాల్సిన ప్రశ్నలు మార్చుకుందాం. "ఎలా మేనేజ్ చేస్తున్నారు" బదులు ఇవి అడగండి:

1. మీ ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారు? అది ఎప్పుడు, ఎలా మాట్లాడుకున్నారు?

2. సెలవు నుంచి తిరిగొచ్చాక మీకు మళ్ళీ పెద్ద పని ఇప్పించింది ఎవరు?

3. ఆఫర్ లెటర్ తీసుకునే ముందు ఏమేం చూడాలి? 2017 చట్ట సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకి జీతంతో కూడిన ప్రసూతి సెలవు 26 వారాలైంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలన్నారు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ సౌకర్యాలు రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా ఉంది. ఇవన్నీ హక్కులు, అడగడానికి మొహమాటం దేనికి?

నా చేతిలో ఇప్పుడొక ఆఫర్ ఉంది, బెంగళూరులో. "పెళ్ళయ్యాక ఎలాగూ మానేస్తావుగా, దగ్గర్లోనే ఏదో చూసుకో" అంటోంది అమ్మ. నేనింకా జవాబు చెప్పలేదు. కానీ పోయిన వారం అక్కకి మళ్ళీ ఫోన్ చేసి ఈ మూడు ప్రశ్నలూ అడిగాను. ఈసారి నవ్వలేదు, గంటసేపు మాట్లాడింది. చివర్లో, "మీ అమ్మగారికి ఫోన్ ఇవ్వు, నేను కూడా మాట్లాడతా" అంది.

వచ్చే సెషన్‌లో మొదటి ప్రశ్న మాత్రం అన్నయ్యకే. మా క్లాస్ అబ్బాయిలూ, ఎవరు అడుగుతారు?