పాత క్రైమ్ సినిమాల మీద ఎందుకంత మోజు?

ప్రశ్న: మాది గండికోట దగ్గర పల్లె. మా మామయ్య పాత తెలుగు క్రైమ్ సినిమాల పోస్టర్లు, పాటల పుస్తకాలు, జపాన్ సినిమాల డిస్కులు కూడబెడుతుంటారు. వాటిలో ఏముందండీ?
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: దొరక్కపోవడం సగం ఆకర్షణ, అమ్మా. మిగతా సగం వాటిలోని తెగువ. 1967లో జపాన్ దర్శకుడు సెయ్‌జున్ సుజుకీ తీసిన 'బ్రాండెడ్ టు కిల్' అర్థం కావట్లేదని నిక్కత్సు స్టూడియో ఆయన్ని పనిలోంచి తీసేసింది. ఇవాళ అదే సినిమాను వెతుక్కుని మరీ కొంటున్నారు. మన దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ 1970లోనే 'రౌడీ రాణి'లో హీరో చేసే ఫైట్లన్నీ నటి విజయలలిత చేత చేయించారు. పెద్ద సినిమాలు జంకిన చోట ఇలాంటివే ముందడుగు వేశాయి. మీ మామయ్య దాస్తున్నది ఆ చరిత్రనే.

దాన్ని దాచడంలో మాత్రం జాగ్రత్త, మీ ఎండలకు కాగితం పెళుసెక్కుతుంది. పోస్టర్లను మడవకండి, లామినేషన్ అసలే వద్దు, నీడపట్టున చదునుగా పరచండి. ఫిల్మ్ రీళ్లుంటే, వెనిగర్ వాసన కొట్టేదాన్ని వెంటనే విడిగా పెట్టండి.