వైరింగ్ ప్రమాదాలు: ఎంసీబీ కంటికి కనపడనివి

హైదరాబాద్ చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ దగ్గర 2025 మే 18 ఉదయం ఒక పాత భవనంలో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన ఇల్లు, రాకపోకలకు ఒకటే ఇరుకు దారి. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలోని తుక్కు గోదాంలో బిహార్ నుంచి వచ్చిన 11 మంది కార్మికులు నిద్రలోనే మంటల్లో చిక్కుకుని ప్రాణాలు కోల్పోయారు. పగలు పనిచేసిన చోటే రాత్రి పడుకున్నారు. రెండు చోట్లా షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ఇవి పేపర్లో మొదటి పేజీకి ఎక్కిన ఘటనలు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం దేశంలో విద్యుదాఘాతంతో ఏటా 10 వేల మందికి పైగా చనిపోతున్నారు. వీరిలో ఎక్కువమంది గురించి జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్లకు మించి రాదు.

పరీక్షల్లో ఎక్కడ అడుగుతారు?

గ్రూప్స్ జనరల్ స్టడీస్‌లో ఈ అంశం రెండు వైపుల నుంచి వస్తుంది. భౌతిక శాస్త్రంలో ఓమ్ నియమం, జౌల్ ఉష్ణ నియమం, ఫ్యూజు, ఎర్తింగ్. విపత్తు నిర్వహణలో మానవ కారక విపత్తులు, అగ్నిప్రమాదాలు. జూనియర్ లైన్‌మన్, సబ్ ఇంజనీర్ పరీక్షల్లోనైతే నేరుగా లెక్కలే అడుగుతారు. అభ్యర్థులు ఎక్కువగా పొరబడేది ఒక్క చోటే: ఏ పరికరం దేని నుంచి కాపాడుతుంది, దేని నుంచి కాపాడదు అన్న చోట. ప్రాణాలు పోయేదీ అక్కడే కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాం.

'షార్ట్ సర్క్యూట్' అనగానే సరిపోదు

ఫేజు, న్యూట్రల్ మధ్యలో లోడ్ ఏదీ లేకుండా నేరుగా కలిస్తే అది షార్ట్ సర్క్యూట్. నిరోధం దాదాపు సున్నాకు పడిపోతుంది, వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా పరుగెత్తుతుంది. ఎంసీబీ (మినియేచర్ సర్క్యూట్ బ్రేకర్) లోపలి అయస్కాంత చుట్ట రెప్పపాటులో సరఫరా తెంచేస్తుంది. బీ రకం ఎంసీబీ తన రేటింగుకు 3 నుంచి 5 రెట్లు, సీ రకం 5 నుంచి 10 రెట్లు, డీ రకం 10 నుంచి 20 రెట్ల కరెంటు దగ్గర ఇలా వెంటనే పడిపోతాయి. ఇళ్లలో ఎక్కువగా ఉండేది సీ రకం.

మరి ఎంసీబీ ఉన్న భవనాలూ ఎందుకు తగలబడుతున్నాయి? చాలా సందర్భాల్లో మంటకు బీజం షార్ట్ సర్క్యూట్‌కు ముందే, ఓవర్‌లోడ్ వల్లో లూజ్ కనెక్షన్ వల్లో పడుతుంది. పీవీసీ తొడుగు మెత్తబడి, కరిగి, చివరికి తీగలు ఒకదానికొకటి తగులుతాయి. అంతా కాలిపోయాక చూసేవారికి కనిపించేది ఆ తగులుకున్న తీగలే. జవాబు పత్రంలో 'షార్ట్ సర్క్యూట్ వల్ల' అని రాసి ఆపేస్తే సగం కారణమే రాసినట్టు.

ఓవర్‌లోడ్

వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ తీసుకునేది 8.7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్‌కో, సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకో దాన్ని పెడితే తీగ వేడెక్కుతుంది. ఉష్ణం కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. సాధారణ పీవీసీ తొడుగు నిలకడగా తట్టుకునే ఉష్ణోగ్రత 70 డిగ్రీల సెల్సియస్. అందుకే లైట్లకు 1 లేదా 1.5, పవర్ సాకెట్‌కు 2.5, ఏసీకి, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడటం మంచి పద్ధతి.

ఓవర్‌లోడ్‌ను పసిగట్టేది ఎంసీబీలోని ద్విలోహ పట్టీ. అది వేడెక్కి వంగితే స్విచ్ పడిపోతుంది. ఇక్కడే మనవాళ్లు ఒక ప్రమాదకరమైన పని చేస్తారు. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని 16 ఆంపియర్ల ఎంసీబీ తీసేసి 32ది పెట్టిస్తారు. గోడలో వైరు మాత్రం పాతదే. ఇక ఆ వైరు ఎర్రగా కాలినా ఎంసీబీకి పట్టదు. పాత ఇళ్లలో ఫ్యూజు తీగ బదులు రెండు పేటల రాగి తీగ చుట్టడం కూడా ఇలాంటిదే. ఫ్యూజు తీగకు ద్రవీభవన స్థానం తక్కువ ఉండాలన్నది పదో తరగతి పాఠం. ముందుగా కరిగిపోవడమే దాని పని.

లూజ్ కనెక్షన్: ఎవరూ పట్టుకోలేనిది

సాకెట్ వెనక స్క్రూ సరిగా బిగించలేదనుకుందాం. లేదా గోడలో రెండు తీగలు మెలేసి టేపు చుట్టి వదిలేశారు. ఆ అతుకు దగ్గర అర ఓమ్ నిరోధం ఏర్పడింది. ఆ తీగలో 10 ఆంపియర్లు పోతున్నాయి. కరెంటు వర్గం 100, దాన్ని 0.5తో గుణిస్తే 50 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లతో సీసాన్ని కరిగిస్తుంది. దానికి రెట్టింపు వేడి, గోరంత జాగాలో, గోడ లోపల, గంటల తరబడి!

ఎంసీబీకి ఇది తెలియదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. 10 ఆంపియర్లు 10గానే ఉన్నాయి. కరెంటు లీకేజీని పసిగట్టే ఆర్‌సీసీబీకీ (రెసిడ్యువల్ కరెంట్ సర్క్యూట్ బ్రేకర్) తెలియదు, ఎందుకంటే కరెంటు ఎటూ లీకవడం లేదు. ఆర్క్ ఫాల్ట్‌ను గుర్తించే పరికరాలు ఉన్నాయి గానీ మన ఇళ్లలో కనిపించడం అరుదు. కాబట్టి ప్లగ్గు వేడెక్కడం, సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మరక, స్విచ్ దగ్గర చిటపట, కాలిన చేప వాసనలాంటి వాసన, ఇవే మనకు దొరికే హెచ్చరికలు. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. 'పండగయ్యాక చూద్దాం' అనుకునే వ్యవహారం కాదు.

ఒంట్లోంచి కరెంటు పోతే

బిట్లకు తప్పనిసరి అంకెలివి. 1 మిల్లీ ఆంపియర్ దగ్గర జిల్లుమంటుంది. 10 దాటితే చేతి కండరాలు బిగుసుకుని, పట్టుకున్నది వదల్లేం. జనం 'కరెంటు పట్టేసుకుంది' అనేది దీన్నే. 30 దగ్గర ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. 50 నుంచి 100 మధ్య, ఆపైన గుండె లయ తప్పి కొట్టుకోవడం మొదలవుతుంది. దీన్నే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు.

తడి ఒంటి నిరోధాన్ని సుమారు 1,000 ఓమ్‌లు అనుకుంటే 230 వోల్టుల దగ్గర ఒంట్లోంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. మనిషి చనిపోవడానికి చాలినంత. కానీ 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. అందులో ఇది దాదాపు 70వ వంతు మాత్రమే. బాత్‌రూమ్‌లో మనిషి గిలగిల కొట్టుకుంటున్నా ఎంసీబీ కదలదు. అది వైరును కాపాడే పరికరం.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని నిరంతరం పోల్చి చూస్తుంది. ఇళ్లకు వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. 100, 300 రకాలు ప్రధానంగా అగ్నిప్రమాద నివారణకు. దుకాణాల్లో పాత అలవాటుకొద్దీ దీన్ని ఈఎల్‌సీబీ అనే అంటారు. దీనిపై 'టీ' బటన్ ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి, పడిపోతోందో లేదో చూసుకోవాలి. దీనికీ పరిమితులున్నాయి: ఓవర్‌లోడ్‌కు పడదు. చెక్క బల్ల మీద నిలబడి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నా పడదు.

ఎర్తింగ్ ఉంటే చాలా?

గీజర్ లోపల ఫేజు తీగ బయటి లోహపు తొడుగుకు తగిలింది. ఎర్త్ పైపు ఉంది గానీ చుట్టూ మట్టి ఎండిపోయింది. మొత్తం దారి నిరోధం 10 ఓమ్‌లు. అప్పుడు ప్రవహించేది 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడిపోతుందని చాలామంది జవాబు రాస్తారు. పడదు. ప్రమాణాల ప్రకారం రేటింగుకు 1.45 రెట్లు, అంటే 23.2 ఆంపియర్ల దగ్గర అది గంటలోపు పడితే చాలు. ఆ గంటసేపూ గీజర్ ఒళ్లంతా కరెంటే. ఆర్‌సీసీబీ ఉంటే ఇదే లోపం సెకనులో చిన్న భాగంలో బయటపడుతుంది. ఎర్తింగ్, ఆర్‌సీసీబీ రెండూ ఉండాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ గొయ్యిని తడిగా ఉంచాలని చెప్పేది కూడా ఈ నిరోధం తగ్గించడానికే.

ఎర్తే లేని ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది. త్రీ పిన్ సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న తీగ ముక్క కలిపేస్తారు. ఫ్రిజ్ పనిచేస్తుంది, టెస్టర్ పెడితే వెలగదు, ఇంటాయన నమ్మేస్తాడు. ఒకరోజు న్యూట్రల్ తెగిపోతుంది. ఆ క్షణం నుంచి ఫ్రిజ్ తలుపు 230 వోల్టుల మీద ఉంటుంది. చెప్పులు లేకుండా మంచినీళ్ల సీసా కోసం వచ్చిన పిల్లాడికి అది ఎలా తెలుస్తుంది? ఈ పని ఎవరు చేసినా, ఎంత అనుభవం ఉన్నా, క్షమించకూడదు.

దండెం తీగ

మన పల్లెల్లో, బస్తీల్లో ఏటా వానాకాలంలో వినే చావులివి. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరును ఇంటిమీది ఇనుప పైపుకు కడతారు. ఎండకు, గాలికి తొడుగు అరిగి, దాన్ని మోసే జీఐ తీగకు, పైపుకు, రేకులకు కరెంటు పాకుతుంది. అదే పైపుకు బట్టలారేసే దండెం కడతారు, అదీ ఇనుప తీగే. తడి బట్ట వేసిన ఇల్లాలు పడిపోతుంది. పట్టుకోబోయిన భర్త, కొడుకు కూడా. గమనించాల్సిందేమిటంటే, లోపం మీటరుకు ముందే ఉంది కాబట్టి ఇంట్లో ఆర్‌సీసీబీ పెట్టుకున్నా ఇక్కడ అక్కరకు రాదు. మెయిన్ ఆపినా కరెంటు పోదు. దండేనికి నైలాన్ తాడు వాడాలి, పైపుకు కట్టకూడదు. సర్వీసు వైరు తొడుగు చిట్లితే 1912కు ఫిర్యాదు చేయాలి.

పనిచేసే చోట

ప్లగ్గు లేకుండా వైరు కొసలు సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించిన మార్బుల్ కటింగ్ మెషీన్లు కట్టడాల దగ్గర మామూలుగా కనిపిస్తాయి. వాటికి ఎర్త్ లేదు, నేలంతా నీళ్లు, పనివాడి కాళ్లకు చెప్పుల్లేవు. చిన్న కార్ఖానాల్లో మరో ప్రమాదం: ఒకరు మరమ్మతు చేస్తుండగా ఇంకొకరు స్విచ్ వేయడం. విద్యుత్ సిబ్బంది 'లైన్ క్లియర్' (సరఫరా ఆపినట్టు ధ్రువీకరణ) తీసుకున్నాకే స్తంభం ఎక్కాలన్న నియమం పుట్టింది ఇందుకే. పిండి మరలోనూ ఇదే పద్ధతి పాటించవచ్చు: మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి పనిచేసేవాడి జేబులో ఉంచాలి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి.

గోదాములు, పాత భవనాల్లో మీటర్ల బోర్డు మెట్ల కిందే ఉంటుంది. మంట అక్కడే మొదలై, ఉన్న ఒక్క దారినీ మూసేస్తుంది. కాలుతున్న పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, దట్టమైన పొగ వస్తాయి. మంట తాకకముందే పొగే మనుషుల్ని పడగొడుతుంది.

చట్టం

విద్యుత్తు ఉమ్మడి జాబితాలో 38వ అంశం. ప్రస్తుత చట్టం విద్యుత్ చట్టం, 2003. ఇందులో 53వ సెక్షన్ భద్రతకు, 161 ప్రమాదాల సమాచారం, విచారణకు, 162 చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ నియామకానికి సంబంధించినవి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నాటి భద్రతా నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి తెచ్చింది. బీఐఎస్ ప్రమాణాల్లో వైరింగ్‌కు ఐఎస్ 732, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043, పీవీసీ తీగలకు ఐఎస్ 694, ఆర్‌సీసీబీకి ఐఎస్ 12640 గుర్తుంచుకోండి.

మెయిన్స్‌లో విమర్శ రాయాల్సి వస్తే అసలు లోటు ఇదీ: కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు వైరింగ్ పూర్తయినట్టు కాగితం అడుగుతారు. ఆ తర్వాత పాతికేళ్లలో ఆ ఇంటికి మూడు ఏసీలు, గీజర్, ఎలక్ట్రిక్ బైకు ఛార్జర్ వచ్చి చేరినా లోపలి వైరును అడిగేవారు ఉండరు.

ప్రమాదం జరిగితే

ముందు సరఫరా ఆపాలి. ఆపడం కుదరకపోతే ఎండు కర్రతో తీగను తప్పించాలి. మనిషిని చేత్తో పట్టుకోవద్దు. శ్వాస, స్పందన లేకపోతే 108కి ఫోన్ చేసి సీపీఆర్ మొదలుపెట్టాలి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున ఛాతీ నొక్కాలి. లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, గుండె లయ తర్వాత కూడా తప్పవచ్చు. కరెంటు మంటపై నీళ్లు పోయకూడదు. కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రసాయన సిలిండర్ వాడాలి. అగ్నిమాపక శాఖ నంబరు 101.

మాదిరి ప్రశ్నలు

1. ఇంట్లో మనుషుల రక్షణకు వాడే ఆర్‌సీసీబీ రేటింగ్ ఎంత? 
జ: 30 మిల్లీ ఆంపియర్లు.

2. సీ రకం 10 ఆంపియర్ల ఎంసీబీ ఏ అవధిలో వెంటనే ట్రిప్ అవుతుంది? 
జ: 50 నుంచి 100 ఆంపియర్లు.

3. 0.2 ఓమ్‌ల నిరోధమున్న లూజ్ అతుకులో 15 ఆంపియర్లు ప్రవహిస్తే పుట్టే వేడి ఎంత? 16 ఆంపియర్ల ఎంసీబీ ట్రిప్ అవుతుందా? 
జ: 45 వాట్లు. ట్రిప్ కాదు.