కార్డుల కట్టలో లెక్కల పాఠం
(హాస్టల్ పూర్వ విద్యార్థి, గణిత అధ్యాపకుడు)



వార్షికోత్సవ సంచికకు వ్యాసం కావాలని కబురు వచ్చినప్పుడు నేను క్రమశిక్షణ గురించో, సమయపాలన గురించో రాస్తానని మీరనుకుని ఉంటారు. వాటి మీద ఈ సంచికలో ఎలాగూ వ్యాసాలుంటాయి. నేను కార్డులాట గురించి రాస్తున్నాను. వార్డెన్ గారు కంగారు పడనక్కర్లేదు. ఇందులో పందెం లేదు. ఇంటర్లో ప్రస్తారాలు, సంయోగాలు, సంభావ్యత అనే పాఠాలు చూసి భయపడే తమ్ముళ్లకు ఆ భయం కొంత తగ్గించాలనే ఈ ప్రయత్నం.

నేను బందరు హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివేనాటికి కుస్తీవీరుల ట్రంప్ కార్డుల పిచ్చి ఊరంతా ఉండేది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనేవాళ్లం (2002లో దాని పేరు డబ్ల్యూడబ్ల్యూఈ అయింది). ఒక్కో కార్డు మీద ఒక వీరుడి బొమ్మ, కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన కుస్తీలు. ఇద్దరూ తమ కట్టలో పైకార్డు తీస్తారు. పిలిచే వంతు ఉన్నవాడు "బరువు" అనో "ఎత్తు" అనో అంటాడు. అంకె ఎవరిది పెద్దదైతే ఆ రెండు కార్డులూ వాడివి, తర్వాతి పిలుపూ వాడిదే. ర్యాంకు ఒక్కటే తిరగేసి: చిన్న అంకె గొప్ప.

మా గదిలో పన్నెండు మందిమి. ఇళ్లు నాగాయలంక, కోడూరు, గూడూరు, పెడన వైపు. సంక్రాంతికి ఇంటికి వెళ్లొచ్చేటప్పుడు మిగిలిన బస్సు డబ్బులతో కోనేరు సెంటర్ దగ్గర తలా నాలుగైదు కార్డులు కొనుక్కునేవాళ్లం. ఒకడికి మాత్రం అన్నయ్య హైదరాబాదు నుంచి రెండు కట్టలు తెచ్చిచ్చాడు. ఎవరికి వారు సొంత కార్డుల్లోంచి పది ఏరుకుని ఆడాలన్నది మా పద్ధతి, ఓడిన కార్డు ఓడినట్టే. నెల తిరక్కుండా గదిలో మంచి కార్డులన్నీ వాడి ట్రంకుపెట్టెలోకి చేరాయి. మేం ఆడటం మానేశాం. వాడు నాలుగు రోజులు తనతో తనే ఆడుకుని, "రండ్రా, ఆడదాం" అని బతిమాలడం మొదలుపెట్టాడు.

దివిసీమ నుంచి వచ్చిన ఇంటర్ అన్నయ్య ఒకాయన అప్పుడు రెండు నియమాలు పెట్టాడు. ఆట అయ్యాక ఎవరి కార్డులు వాళ్లకు ఇచ్చెయ్యాలి. రెండోది, పది కార్డుల ర్యాంకులూ కూడితే 150కి తగ్గకూడదు. మా కార్డుల్లో ర్యాంకులు ముప్పై దాకా ఉండేవి. అంటే ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు వీరుల్ని పెట్టుకున్నవాడు ఆ లోటు పూడ్చడానికి ఇరవై ఎనిమిది, ముప్పై ర్యాంకుల వాళ్లను కూడా మోయాలి.

అసలు ఆట అక్కడ మొదలైంది. ర్యాంకు అధమంగా ఉండి ఒక్క అంకెలో మాత్రం అందరినీ కొట్టే కార్డులు ఏవా అని వెతకడం మొదలెట్టాం. మా కార్డుల్లో యోకోజునా ర్యాంకు వెనకది, బరువులో మాత్రం అతన్ని మించినవాడు లేడు. అలాంటివి పిలుపు నిలబెట్టుకోవడానికి పనికొస్తాయి. పిలుపు అవతలివాడి చేతిలో ఉంటే? వాడు ఎత్తు అంటాడు, మన బరువు ఎందుకూ పనికిరాదు. అప్పుడు అన్ని అంకెల్లోనూ మధ్యస్తంగా ఉండే కార్డు కావాలి, పిలుపు లాక్కోవడానికి. పదింటిలో పట్టు నిలిపేవి ఎన్ని, పట్టు లాక్కునేవి ఎన్ని అన్నదాని మీద రాత్రి స్టడీ అవర్‌లో మేం చేసిన వాదన సోషల్ నోట్సు మీద ఎప్పుడూ చేయలేదు. కోడూరు కుర్రాడు ఒకడు ఆరు, నాలుగుగా పెట్టుకుని రెండు కట్టల ఆసామిని వరసగా ఓడించాడు. కొన్నాళ్లకు వార్డెన్ గారి కంట పడి కార్డులన్నీ ఆఫీసు బీరువాలోకి వెళ్లాయి, అది వేరే సంగతి.

చాలా ఏళ్ల తర్వాత, గుడివాడలో పాఠం చెబుతున్న రోజుల్లో, ఒక విద్యార్థి మ్యాజిక్ ది గాదరింగ్ అనే ఆట కార్డులు చూపించాడు. చూడగానే మా గది గుర్తొచ్చింది. 1993లో అమెరికాలో వచ్చిన ఈ ఆటే నేటి పోకెమాన్ వంటి మార్పిడి కార్డుల ఆటలన్నిటికీ దారి తీసింది. దాన్ని కనిపెట్టిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణిత పరిశోధకుడు, డాక్టరేట్ చేసింది కాంబినేటరిక్స్‌లో. అంటే మీరు భయపడే ప్రస్తారాలు, సంయోగాల శాఖలోనే. తమాషా ఏమిటంటే, మొదట్లో ఆ ఆటలోనూ ఓడినవాడు ఒక కార్డు పోగొట్టుకునే నియమం ఉండేది. తర్వాత తీసేశారు. మా దివిసీమ అన్నయ్య ఆ పని ఎవరూ చెప్పకుండానే చేశాడు.

ఇక పాఠంలోకి వద్దాం. వేల రకాల కార్డుల్లోంచి ఎవరి కట్ట వాళ్లే కట్టుకోవాలి. కనీసం 60 కార్డులు. ఒకే పేరుగల కార్డు 4కు మించకూడదు, మామూలు నేల కార్డులకు మాత్రం ఈ పరిమితి లేదు. ఇద్దరికీ చెరో 20 ప్రాణాలు, అవతలివాడివి సున్నాకు తేవాలి. మొదట 7 కార్డులు చేతికొస్తాయి, తర్వాత వంతుకొకటి. కార్డుల్లో ముఖ్యంగా రెండు జాతులు: నేలలు, మిగతావి. నేలలు శక్తినిస్తాయి. వీరులను, మంత్రాలను దించాలంటే ఆ శక్తి ఖర్చవుతుంది. వంతుకు ఒక్క నేల మాత్రమే పరచవచ్చు. చేతిలో ఎంత గొప్ప వీరుడున్నా కింద నేల లేకపోతే ఊరికే కూర్చుంటాడు. ఈ సంగతి మన హాస్టల్ పిల్లలకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు, మనలో ఎక్కువమందికి ఇంటి దగ్గర తెలిసిన విషయమే.

కొత్తగా కట్ట కట్టేవాడు ఏం చేస్తాడు? వీరులంటే ముద్దు కనుక 44 మందిని పెట్టుకుని, నేలలు 16తో సరిపెడతాడు. అనుభవజ్ఞులు చాలాసార్లు 24 పెడతారు. ఏడు కార్డుల్లో ఒక్క నేలా రాకపోయినా, ఒకటే వచ్చినా ఆట దాదాపు పోయినట్టే. కార్డులు వెనక్కిచ్చి మళ్లీ తీసుకోవచ్చుగానీ, ఆ శిక్షగా చేతిలో ఒక కార్డు తగ్గుతుంది. మరి అలా ఎన్నిసార్లు జరుగుతుంది?

60 నుంచి 7 కార్డులు తీసే విధాలు 38,62,06,920. నేలలు 24 అయితే మిగతావి 36. ఆ 36 నుంచే ఏడూ వచ్చే విధాలు 83,47,680. సరిగ్గా ఒక్క నేల వచ్చే విధాలు కావాలంటే 24ను 36 నుంచి 6 తీసే విధాలతో, అంటే 19,47,792తో గుణించాలి: 4,67,47,008. రెండూ కూడి మొత్తంతో భాగిస్తే సుమారు 0.14. నూరు ఆటల్లో 14 సార్లు మొదట్లోనే ఇబ్బంది. ఇదే లెక్క 16 నేలలకు చేయండి. 44 నుంచి 7 తీసే విధాలు 3,83,20,568. ఒక్క నేల వచ్చేవి 16 × 70,59,052, అంటే 11,29,44,832. కూడి భాగిస్తే 0.39. నూటికి 39! ఎనిమిది మంది వీరుల మీద మమకారానికి నూటికి పాతిక ఆటలు అదనంగా చెల్లిస్తున్నాడన్నమాట. వాడు మాత్రం "నాకు కార్డులు రావట్లేదు, నా టైము బాలేదు" అంటాడు.

రెండో పొరపాటు, మంచి కార్డులన్నీ కావాలని 60కి బదులు 80 కార్డుల కట్ట కట్టడం. మీ అత్యుత్తమ కార్డు 4 ప్రతులు ఉందనుకోండి. 60లో అయితే మొదటి ఏడులో ఒక్కటైనా వచ్చే అవకాశం నూటికి 40. 80లో అది 31కి పడిపోతుంది. ఒకటే ప్రతి ఉంటే 60లో కూడా 12కు మించదు. అందుకే గట్టి ఆటగాళ్లు 60 దాటరు, పనికొచ్చే కార్డును నాలుగూ పెడతారు.

మూడోది ఖర్చుల వరస. ఈ వంతులో వాడని శక్తి వచ్చే వంతుకు నిలవ ఉండదు. శివారు ఆయకట్టులో కాలవ నీటి వంతు ఎలాంటిదో ఇదీ అంతే, వంతు వచ్చిన రాత్రి మడికి పెట్టుకోకపోతే ఆ నీరు సముద్రం పాలు. మొదటి వంతులో ఒక నేల, రెండో వంతులో రెండు. అందుచేత ఒకటి, రెండు ఖర్చయ్యే కార్డులు ఎక్కువగా, ఐదు, ఆరు ఖర్చయ్యేవి బాగా తక్కువగా ఉండాలి. 24 నేలల కట్టలో ముందు ఆడేవాడు నాలుగో వంతుకు 10 కార్డులు చూసి ఉంటాడు, అందులో సగటున నేలలు 4. వంతుకు ఒకటి చొప్పున సరిగ్గా సరిపోయింది కదా!

ఈ సంగతి లోకానికి తెలిసిన తీరు బాగుంటుంది. 1996లో అట్లాంటాలో జరిగిన ఒక అర్హత పోటీకి పాల్ స్లై అనే ఆటగాడు ఎర్రరంగు కట్టతో వచ్చాడు. కట్టింది జే ష్నైడర్ అనే మరో ఆటగాడు. అందులో ఐరన్‌క్లా ఆర్క్స్ వంటి కార్డులున్నాయి. ఈ ఆర్క్ ఎంత పిరికివాడంటే 2 లేదా అంతకుమించిన బలం ఉన్నవాడు మీదికొస్తే అడ్డుకోలేడు. ఎవరూ ఇష్టపడి పెట్టుకునే కార్డు కాదు. కానీ ఆ కట్టలో ప్రతి వంతులోనూ ఉన్న శక్తినంతా ఖర్చు పెట్టగలిగేలా చవక కార్డులు వరసగా అమర్చారు. అవతలివాళ్ల గొప్ప వీరులు దిగేలోపే సగం ప్రాణాలు పోయేవి. ఆ కట్టకు రెండో స్థానం వచ్చింది, ఆ పద్ధతికి స్లై అనే పేరే నిలిచిపోయింది. నాకైతే మా కోడూరు కుర్రాడు గుర్తొస్తాడు.

డబ్బు సంగతి దాచను. ఈ కార్డులు చవక కావు. అట్ట పొట్లాంలో ఏముందో విప్పితేగానీ తెలియదు, అరుదైనది వస్తుందేమోనని మళ్లీ మళ్లీ కొనిపించే వ్యాపారం అది. లాటరీ టికెట్టు గీకినట్టే ఉంటుంది నాకు. మీరెవరూ మెస్ డబ్బులు, స్కాలర్‌షిప్ డబ్బులు అందులో పోయకండి. ఆటగాళ్లే దీనికి విరుగుడు కనిపెట్టారు. సాధారణ ముద్రణ కార్డులతోనే ఆడాలి, అరుదైనవి నిషేధం అన్న పద్ధతి ఒకటుంది. దాని పేరు పాపర్, అంటే నిరుపేద. 2019లో కంపెనీ కూడా దాన్ని అధికారిక పోటీలకు ఒప్పుకుంది. స్నేహితుల మధ్య ఆటకైతే అదీ అక్కర్లేదు, కాగితం మీద పేరు, ఖర్చు, బలం రాసుకుని ఆడుకోవచ్చు. అధికారిక పోటీల్లో మాత్రం కాగితాలు చెల్లవు.

పెద్దవాళ్లు కార్డులు చూడగానే కోప్పడటానికి కారణం ఉంది. పండగ నాలుగు రోజుల్లో ఏడాది కూలి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను మన ఊళ్లలో చూశాం. రమ్మీలో నేర్పు పాలు ఎక్కువని 1967లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది, మూడు ముక్కలాటను మాత్రం అదృష్టపు ఆటగానే చూసింది. ఆన్‌లైన్ రమ్మీని 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. నేర్పున్న ఆటలోనూ పందెం పెడితే చివరకు ఎక్కువ డబ్బున్నవాడే ఎక్కువసేపు కూర్చుంటాడు. మా గదిలో జరిగిందీ అదే.

ఇప్పుడు మీకు పని. పాత క్యాలెండరు చించి 60 సమానమైన చీటీలు చేయండి. 24 చీటీల మీద "నే" అని రాయండి. బాగా కలిపి ఏడు తీయండి, ఎన్ని నేలలు వచ్చాయో రాసుకోండి, తిరిగి కలపండి. ఒక్కడు నూరుసార్లు తీస్తే విసుగొస్తుంది, గదిలో ఐదుగురు కూర్చుని తలా ఇరవైసార్లు తీయండి. సున్నా లేదా ఒకటి వచ్చినవి ఎన్నో కూడండి. పద్నాలుగు దరిదాపుల్లో ఉండాలి. పది వచ్చినా, పంతొమ్మిది వచ్చినా గాభరా పడకండి, నూరు చిన్న సంఖ్య. పక్కగది వాళ్లవీ కలిపి చూడండి. తర్వాత "నే" చీటీలు 16కు తగ్గించి మళ్లీ తీయండి.

అది అయ్యాక, 20 నేలలకు ఎంత వస్తుందో చీటీలు తీయకుండా కాగితం మీద కట్టండి. 40 నుంచి 7 తీసే విధాలు 1,86,43,560, 40 నుంచి 6 తీసే విధాలు 38,38,380. జవాబు నూటికి పాతికకు కొంచెం తక్కువ రావాలి. రాకపోతే ఒక్క నేల వచ్చే విధాల దగ్గర 20తో గుణించడం మరిచిపోయారేమో చూసుకోండి. మా క్లాసులో ఏటా సగంమంది తప్పేది అక్కడే.