కంటి అంచున కణాల గిడ్డంగి

మోకాలు దోక్కుపోతే పక్కు కడుతుంది. కొన్నాళ్ళకు అది ఊడి, కింద కొత్త చర్మం కనిపిస్తుంది. చుట్టుపక్కల కణాలు విభజన చెంది, పోయినవాటి లోటు తీర్చాయన్నమాట. మరి కంట్లో ఇసుక రేణువు గీసుకుంటే? అక్కడ పక్కు కడితే చూపే పోతుంది కదా!

నల్లగుడ్డు ముందు, గడియారం మీది అద్దంలా, పారదర్శకమైన పొర ఒకటుంది. దాని పేరు కార్నియా. మందం సుమారు అర మిల్లీమీటరు. ఇందులో రక్తనాళాలు లేవు. ఉంటే వెలుతురుకు అడ్డుపడేవి. కార్నియా పైభాగాన అయిదారు వరసల కణాలుంటాయి. పాతవి రాలి కన్నీటితో కొట్టుకుపోతుంటే, కొత్తవి వచ్చి చేరుతుంటాయి. చిన్న గీత పడితే పక్కనున్న కణాలు జరిగివచ్చి, ఒకటి రెండు రోజుల్లో దాన్ని కప్పేస్తాయి. మచ్చ కూడా మిగలదు.

ఈ కొత్త కణాలు ఎక్కడివి? అద్దంలో మీ కన్ను చూసుకోండి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట ఉంగరం లాంటి అంచు కనిపిస్తుంది. దీన్ని లింబస్ అంటారు. మూలకణాలు దాగి ఉండేది ఇక్కడే. ఇవి విభజన చెందుతూ కార్నియాకు కొత్త కణాలను పంపుతాయి. తమ సంఖ్య తరగకుండా కూడా చూసుకుంటాయి. తెల్లగుడ్డు మీది పొర లోపలికి పాకకుండా ఈ అంచే కంచెలా ఆపుతుంది.

ఈ గిడ్డంగికి పెద్ద శత్రువు సున్నం. కల్హేర్ లాంటి పల్లెలోనైనా, పట్నంలోనైనా తమలపాకుకు రాసే సున్నం, గోడలకు వేసే సున్నం మనకు కొత్త కాదు. సున్నం పొట్లాన్ని పిల్లలు గట్టిగా నొక్కితే చిమ్మి కంట్లో పడవచ్చు. సున్నం గాఢమైన క్షారం. కణాల పొరల్లోని కొవ్వును కరిగించి లోపలికి దిగుతుంది. మూలకణాలు చస్తే కంచె తెగినట్లే. తెల్లపొర, రక్తనాళాలు కార్నియా మీదికి పాకుతాయి. చూపు మసకబారుతుంది. దాత కార్నియాను అమర్చినా, దాని పైపొరకు కొత్త కణాలు అందక అదీ చెడిపోతుంది.

హైదరాబాదులో 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి దీనికి ఒక చికిత్స చేశారు. రోగి మంచి కంటి లింబస్ నుంచి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో ఉమ్మనీటి సంచి పొర మీద పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించారు. పదేళ్ళలో ఇలా చికిత్స చేసిన 200 కళ్ళను పరిశీలిస్తే, 142 కళ్ళలో పైపొర నిలకడగా కుదురుకుంది. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ఇంకా సులువైన పద్ధతి ప్రకటించింది. చిన్న ముక్కను మరీ చిన్న తునకలు చేసి నేరుగా కంటిమీదే పరిచారు. అక్కడే అవి పెరిగాయి. ప్రయోగశాల అవసరం తప్పింది.

అయితే రెండు కళ్ళూ కాలితే తీసుకోవడానికి సొంత ముక్కే ఉండదు. ఇతరుల కణాలను శరీరం తిరస్కరిస్తుంది; దాన్ని అణచడానికి మందులు వాడాల్సి వస్తుంది. కాబట్టి గిడ్డంగిని కాపాడుకోవడమే మేలు.

కంట్లో సున్నం పడితే వెంటనే చేయవలసినది: రెప్పలు విప్పి, కనీసం పావుగంట నుంచి అరగంట సేపు శుభ్రమైన నీటిని ధారగా పోయాలి. కంటిని నలపకూడదు. ఆకుపసరు, ఆముదం, చనుబాలు పోయకూడదు. కడిగిన తరువాతే కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. రెప్పల కింద సున్నపు రేణువులు మిగిలి ఉంటే ఆయన తీసివేస్తారు.