విందులో అందరికీ చోటు: ఆహారపు ఎలర్జీ, మన బాధ్యత



పండుగ భోజనాల పంక్తిలో ఎవరైనా "నాకు రొయ్యలు పడవండీ" అంటే మనం నవ్వి ఊరుకుంటాం. "కొంచెం తింటే ఏమీ కాదులే" అని బలవంతంగా వడ్డిస్తాం. ఆ వడ్డనలో ప్రేమ ఉంది, సందేహం లేదు. కాని ‘పడదు’ అన్న చిన్న మాట వెనుక కొందరి విషయంలో ప్రాణాపాయమే పొంచి ఉంటుంది. అందుచేత ఈ వారం ఆ మాటకు అర్థమేమిటో నేర్చుకుందాం.

1. ‘పడదు’ అంటే ఏమిటి?

ఒకే మాటకు పలు అర్థాలున్నప్పుడు ముందు వాటిని విడదీయాలని తర్కశాస్త్రం చెబుతుంది. ‘పడదు’ అనే మాటను మనం మూడు అర్థాలలో వాడుతున్నాం. మొదటిది అయిష్టం. వంకాయ రుచించనివాడు కూడా పడదనే అంటాడు. రెండవది జీర్ణం కాకపోవడం. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారు ఈ కోవకు చెందుతారు. బాధే గాని ప్రాణభయం లేదు. మూడవది అసలైన ఎలర్జీ. వ్యాధులతో పోరాడవలసిన శరీర రక్షణ వ్యవస్థ, గుడ్డులోనో, పాలలోనో, వేరుశనగలోనో ఉన్న మాంసకృత్తును శత్రువుగా పొరబడి దానిపై విరుచుకుపడుతుంది. అప్పుడు ఒక చెంచాడు చట్నీ కూడా చాలా ఎక్కువే కావచ్చు.

దీని తీవ్రరూపాన్ని ‘అనాఫిలాక్సిస్’ అంటారు. 1902లో ఈ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షార్ల్ రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది.

2. గుర్తులు, చేయవలసిన పని

తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటలలోపు లక్షణాలు కనిపిస్తాయి. ఒంటిమీద దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు మొదలవుతాయి. గొంతు బొంగురుపోవడం, ఆయాసం, పిల్లికూతలు, కళ్ళు తిరగడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్ అనుకోవలసిందే. దద్దుర్లు లేకుండా కూడా ఇది రావచ్చు.

దీనికి మొదటి మందు ఒక్కటే: ఎడ్రినలిన్ ఇంజక్షను. తొడ మధ్యభాగంలో బయటివైపు కండకు ఇస్తారు. దురద తగ్గించే మాత్ర దద్దుర్లను తగ్గిస్తుందే గాని మూసుకుపోతున్న ఊపిరిని తెరవదు. మాత్ర వేసి "చూద్దాం" అని కూర్చుంటే విలువైన నిమిషాలు గడచిపోతాయి. వెంటనే 108కు ఫోను చేయాలి. రోగిని నడిపించకూడదు. వెల్లకిల పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచాలి. ఆయాసం ఎక్కువైతే కూర్చోబెట్టవచ్చు. నోట్లో నీళ్ళు పోయకూడదు. తేరుకున్నా కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు. కనుక ఆసుపత్రిలో ఉండి డాక్టరు చెప్పిన తర్వాతే ఇంటికి రావాలి.

3. మందు చౌక, అందుబాటు కరువు

అసలు అన్యాయం ఇక్కడే ఉంది. ఎడ్రినలిన్ శతాబ్దానికి పైగా తెలిసిన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, మన దేశపు జాబితాలోనూ ఉంది. చిన్న గాజుగొట్టంలో వచ్చే ఆ మందు ఖరీదు స్వల్పం. కాని సంపన్న దేశాలలో రోగి జేబులో పెట్టుకొని తానే పొడుచుకొనే పెన్ను రూపంలో అది దొరుకుతుంది. మన ఊళ్ళ మందుల దుకాణాలలో ఆ పెన్ను కనబడదు. తెప్పించుకోగలిగిన కుటుంబాలు విదేశాల నుండి తెప్పించుకుంటున్నాయి. ధనిక దేశాలలోనూ అందరికీ అందుతుందని కాదు. అమెరికాలో 2007లో సుమారు 100 డాలర్లున్న రెండు పెన్నుల పెట్టె 2016 నాటికి 600 డాలర్లకు చేరగా, ప్రజలు ఆగ్రహించారు, చట్టసభ విచారణ జరిపింది.

పరీక్షల విషయంలోనూ ఇదే తేడా. డబ్బున్నవారు వందరకాల ఆహారాలకు రక్తపరీక్ష చేయించుకొని, నివేదికలో కనిపించినవన్నీ పిల్లవాడికి మాన్పిస్తున్నారు. అదీ పొరపాటే. కర్ణాటకలో పెద్దలపై జరిపి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నూటికి 26 మందికి పైగా రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి స్పందన కనిపించింది. నిజమైన ఎలర్జీ ఉండవచ్చని తేలింది మాత్రం నూటికి ఒకరికే. కనుక తిన్నప్పుడు ఏం జరిగిందన్న వివరమే డాక్టరుకు ముఖ్యం. అది చెప్పడానికి డబ్బు అక్కరలేదు. ఏం తిన్నాడు, ఎంతసేపటికి ఏమైంది, ఎలా తగ్గింది అనేవి ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి.

పేద బిడ్డకు మరో చిక్కు ఉంది. అంగన్‌వాడీలోనూ, బడి మధ్యాహ్న భోజనంలోనూ అతనికి బలమిచ్చేది గుడ్డే. అదే పడకపోతే, దాన్ని మాన్పించి ఊరుకుంటే బిడ్డ ప్రాణం దక్కినా బలం తగ్గుతుంది. బదులుగా పప్పు, శనగలు, పడితే పాలు పెట్టాలి. సమానులు కానివారికి సమానంగా పంచడం న్యాయం కాదనీ, ఎవరికి తగినది వారికివ్వడమే న్యాయమనీ అరిస్టాటిల్ చెప్పిన సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అందరికీ ఒకే గుడ్డు వడ్డించడం సమానత్వంలా కనిపించవచ్చు, న్యాయం మాత్రం కాదు.

4. ఇంట్లో, విచారణలో

తల్లులారా, ప్యాకెట్ల మీది అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. 2020 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం గోధుమ వంటి ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య-పీత, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా, ఇవి ఉంటే ప్యాకెట్టు మీద విడిగా ప్రకటించాలి. ఆ జాబితాలో నువ్వులు లేవన్నది గుర్తుంచుకోండి. 2016లో బ్రిటనుకు చెందిన ఒక పదిహేనేళ్ళ బాలిక రొట్టెలో కలిసిన నువ్వుల వల్లనే మరణించింది. ఆమె తల్లిదండ్రుల పోరాటంతో 2021లో అక్కడ కొత్త చట్టం అమలులోకి వచ్చింది.

మన వంటలకు ప్యాకెట్టు లేదు, చీటీ లేదు. కుర్మాలో జీడిపప్పు ముద్ద, గుత్తివంకాయలో నువ్వులు-పల్లీల పొడి కంటికి కనబడవు. రొయ్యలు వేయించిన నూనెలోనే బజ్జీలు వేస్తారు. ఒకే గరిటె అన్ని గిన్నెలలో తిరుగుతుంది. కనుక విచారణ పండుగ విందులో ఏ వంటకంలో ఏముందో ఒక అట్టమీద రాసి పెట్టండి. గరిటెలు వేరుగా ఉంచండి. ఎలర్జీ ఉన్న బిడ్డకు ముందుగా, విడిగా వడ్డించండి. చదువు రానివారి కోసం వడ్డించేవారే నోటితో చెప్పాలి.

టీకాలు వేసేచోట ఎడ్రినలిన్ ఉండాలన్నది నియమం. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉన్నదా, రాత్రివేళ ఎవరుంటారు అని విచారణ పెద్దలు వెళ్ళి అడగాలి. అవసరం పడిన రాత్రి అడిగితే లాభం లేదు.

5. సత్ప్రసాద స్వీకరణ

సీలియాక్ అనే వ్యాధి ఎలర్జీ కాదు, గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే మరో వ్యాధి. ఈ వ్యాధిగ్రస్తులు, గోధుమ ఎలర్జీ ఉన్నవారు అప్పం స్వీకరించడానికి భయపడతారు. గ్లూటెన్ చాలా తక్కువగా ఉన్న గోధుమ అప్పం చెల్లుతుందనీ, గ్లూటెన్ బొత్తిగా లేనిది చెల్లదనీ రోము 2003లో స్పష్టం చేసి, 2017లో మళ్ళీ గుర్తుచేసింది. తక్కువ గ్లూటెన్ అప్పం పడనివారు ద్రాక్షారస రూపంలో మాత్రమే స్వీకరించవచ్చు. అది సంపూర్ణ స్వీకరణే. అప్పపు తునక కలపని వేరే పాత్ర కావాలి కనుక, పూజకు ముందే గురువుకు తెలియజేయండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఈ వారం కుటుంబమంతా కూర్చొని ఆలోచించండి:

అ) మన ఇంట్లో, మన వీధిలో ‘పడదు’ అనేవారు ఎవరు? ఏ అర్థంలో అంటున్నారు?

ఆ) మన ఊరి నుండి ఎడ్రినలిన్ ఉన్న ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది? రాత్రి బండి ఎవరిస్తారు?

ఇ) వచ్చే పండుగ వంటలో ఏమేం కలిపారో చెప్పే పని ఎవరు తీసుకుంటారు?

మూడవ ప్రశ్నకు ఒక పేరు రాసిన తర్వాతే కాగితం మడవండి.