కొండ అడవులలో కార్చిచ్చు – విమానదళపు తోడ్పాటు

మాఘమాసము దాటి ఫాల్గుణము ప్రవేశించుసరికి శేషాచలపు కొండలమీది బోదగడ్డి ఎండి పండుబారును. ఆ దినములలో చంద్రగిరి, భాకరాపేట, మామండూరు, కరకంబాడి ప్రాంతముల గ్రామస్థులకు రాత్రివేళ కొండవాలు వెంబడి ఎర్రని గీతవలె మంట ప్రాకుట క్రొత్త దృశ్యము కాదు. చిన్ననాటినుండి చూచుచున్నదగుటచే "కొండ కాలుచున్నది" అని ఒక మాట అనుకొని, తలుపు మూసికొని నిద్రింతురు. ఈ అలవాటే ఈ వ్యాసము వ్రాయుటకు కారణము.

2014వ సంవత్సరము మార్చి నెల మూడవ వారములో ఆ ఎర్రని గీత గీతగా నిలువలేదు. తిరుమల చుట్టునుగల శేషాచల అడవులలో చెలరేగిన కార్చిచ్చు గాలి తోడు కాగా కొండనుండి కొండకు వ్యాపించినది. పాపవినాశనము మార్గమున యాత్రికుల రాకపోకలను నిలిపివేయవలసి వచ్చినది. అటవీశాఖ, అగ్నిమాపకశాఖ, తిరుమల తిరుపతి దేవస్థానముల సిబ్బంది పగలనక రాత్రియనక శ్రమించినను, బండ్లు పోలేని లోయలలోని మంట వారికి లొంగలేదు. అప్పుడు రాష్ట్రము రాష్ట్రపతి పాలనలో ఉండెను, శ్రీ ఇ. ఎస్. ఎల్. నరసింహన్ గవర్నరుగా ఉండిరి. ప్రభుత్వము భారత విమానదళపు సహాయమును కోరగా, హెలికాప్టర్లు వచ్చి పైనుండి నీరు విడిచినవి. యుద్ధమునకై ఏర్పడిన యంత్రము మన కొండమీద నిప్పునార్పుటకు వచ్చుట ఈ ప్రాంతపు ప్రజలు కన్నులార చూచిన సంగతి.

నాటినుండి గ్రామములలో ఒక అభిప్రాయము ఏర్పడినది. "ఇక నేమి భయము? పెద్దమంట వచ్చినచో హెలికాప్టరు వచ్చును" అని పలువురు అనుచుందురు. ఇందు కొంత నిజమున్నది, కొంత పొరపాటున్నది. పంచాయతీ సభ్యులు ఈ రెంటిని వేరుచేసి తెలిసికొనుట అవసరము.

ఆకాశమునుండి నీరు విడుచుట ఎట్లు?

హెలికాప్టరు క్రింద పొడవైన తాడునకు గట్టి గుడ్డతో చేసిన పెద్ద తొట్టి వ్రేలాడును. దీనిని బాంబీ బకెట్ అందురు. 1980 దశకారంభమున కెనడా దేశములో దీనిని రూపొందించిరి. మడిచి కట్టగట్టి హెలికాప్టరులోనే తీసికొనిపోవచ్చును. మన బావులలో చేద ముంచినట్లే, హెలికాప్టరు చెరువుమీద నిలకడగా ఎగురుచు తొట్టిని నీటిలో ముంచి పైకెత్తును. మంటమీదికి చేరిన తరువాత అడుగుననున్న మూతను తెరచిన నీరంతయు ఒక్కసారిగా పడును. మన విమానదళపు ఎం.ఐ.-17 హెలికాప్టరు మోయు తొట్టిలో సుమారు 3,500 లీటర్ల నీరు పట్టును. అనగా ముప్పదియైదు క్వింటాళ్ల బరువు.

తిరుమల తరువాత మన దేశమున ఈ పద్ధతిని పలుచోట్ల వినియోగించిరి. 2016లో ఉత్తరాఖండ్ కొండలలో అడవులు తగులబడినప్పుడు భీమ్‌తాల్ సరస్సునుండి నీరు ముంచి పోసిరి. 2019 ఫిబ్రవరిలో కర్ణాటకలోని బందీపుర పులుల అడవికి, 2022 మార్చిలో రాజస్థానములోని సరిస్కా అడవికి విమానదళము వెళ్లినది. అమెరికాలో సైనికుల రవాణా విమానములలోనే పెద్ద తొట్లను అమర్చి, ఒక్క పర్యాయమునకు సుమారు పదకొండువేల లీటర్ల అగ్నినిరోధక ద్రవమును చల్లుదురు. స్పెయిన్ దేశపు విమానదళములో ఈ పనికే ప్రత్యేకముగా ఒక విభాగము కలదు. సరస్సు నీటిమీద పొట్ట ఆనించి సాగుచునే కొన్ని క్షణములలో వేల లీటర్లు పీల్చుకొను విమానములు వారికున్నవి. అట్టి విమానములు నీరు పీల్చుటకు పొడవైన సరస్సు కావలయును. మన కొండల నడుమ అంతటి నీరు వేసవిలో దొరకుట అరుదు. కనుక మనకు హెలికాప్టరే తగినది.

కొంత లెక్క

ఇచట చిన్న లెక్క వేసి చూతము. మంటకు పది కిలోమీటర్ల దూరమున నీరున్నదనుకొనుడు. హెలికాప్టరు గంటకు 120 కిలోమీటర్ల వేగముతో పోయిన, పోవుటకు అయిదు నిమిషములు, వచ్చుటకు అయిదు నిమిషములు పట్టును. ముంచుటకు, విడుచుటకు మరియొక అయిదు నిమిషములు వేసికొన్నచో, గంటకు నాలుగు పర్యాయములు మాత్రమే తిరుగగలదు. అనగా గంటకు 14,000 లీటర్లు. ఇంత నీటిని ఒక్క హెక్టారు, అనగా రెండున్నర ఎకరముల నేలమీద సమముగా పరచినచో ఒకటిన్నర మిల్లీమీటరు వాన పాటి కూడ కాదు. నీరు రెండు కిలోమీటర్ల దూరముననే ఉన్నచో, అదే గంటలో ఎనిమిది పర్యాయములు తిరిగి 28,000 లీటర్లు పోయగలదు. హెలికాప్టరు ఒక్కటే, పైలటు ఒక్కడే, పని మాత్రము రెండింతలైనది. నీరు దగ్గర నుండుటలో ఉన్న విలువ ఇది.

కావున హెలికాప్టరు అడవినంతటిని తడిపి మంట నార్పునని తలచుట తప్పు. మంట ముందుకు సాగు మొనమీద నీరు పోసి దాని ఉధృతిని తగ్గించుటయే అది చేయగల పని. అట్లు తగ్గిన కొద్దిసేపటిలో మనుష్యులు నడచిపోయి, మిగిలిన నిప్పును కొట్టి, మొద్దులలోను దుంపలలోను దాగిన నిప్పురవ్వలను త్రవ్వి మట్టి కప్పవలయును. వారు పోనిచో ఎండ ముదురుసరికి అదే చోట మంట తిరిగి లేచును. పైనుండి నీరు, క్రిందినుండి మనిషి. ఈ రెండింటిలో ఏది లేకున్నను రెండవది వ్యర్థము.

ఇతర చిక్కులును కలవు. చీకటి పడిన తరువాత కొండలనడుమ తొట్టిని వ్రేలాడదీసికొని ఎగురుట మిక్కిలి అపాయకరము. దట్టమైన పొగలో లోయ కనబడదు. వేడిగాలి పలుచనిదగుటచే మధ్యాహ్నపుటెండలో హెలికాప్టరు మోయగల బరువు తగ్గును. మరీ క్రిందుగా ఎగిరినచో దాని రెక్కల గాలికే మంట మరింత రగులును. విసనకఱ్ఱతో కుంపటి విసరినట్లగును. అన్నిటికంటె ముఖ్యముగా, విమానదళము అడిగిన గంటలో వచ్చునది కాదు. గ్రామమునుండి అటవీ క్షేత్రాధికారికి, వారినుండి జిల్లా అధికారులకు, కలెక్టరునుండి రాష్ట్ర ప్రభుత్వమునకు, అటనుండి రక్షణశాఖకు కోరిక చేరవలయును. ఏ పంచాయతీయు నేరుగా హెలికాప్టరును పిలువజాలదు. ఈలోగా గాలి ఎవరికొరకును ఆగదు.

మొదటి గంట ఎవరిది?

హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము, డెహ్రాడూనులోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహముల సహాయముతో అడవులలోని మంటలను కనిపెట్టుచున్నవి. అటవీ సర్వే సంస్థవారు 2004నుండి ఆయా రాష్ట్రముల అటవీశాఖలకు ఇట్టి హెచ్చరికలను పంపుచున్నారు. పేరు నమోదు చేసికొన్నవారి సెల్‌ఫోనుకు కూడ ఆ సమాచారము వచ్చును. అయినను ఆ ఉపగ్రహములు మన కొండమీదుగా దినమునకు కొన్ని పర్యాయములే సాగిపోవును. అవి వచ్చిపోవు నడుమ పుట్టిన మంటను ముందుగా చూచువాడు మేకల కాపరి. అతడు చూచినది అరగంటలో అటవీశాఖ బీటు అధికారికి చేరినదా లేదా అనుదానిమీదనే తరువాతి కథయంతయు ఆధారపడియుండును.

మంట చిన్నదిగా ఉండగా పదిమంది చాలుదురు. పచ్చి మండలతో కొట్టుట మన పెద్దలెరిగిన పద్ధతియే. మండను ఎత్తి బాదినచో నిప్పురవ్వలు ఎగిరి వెనుకనున్న గడ్డి అంటుకొనును. అట్లుగాక మంటమీద అదిమి, కాలిన వైపునకు ఊడ్చవలయును. మంట పెద్దదైనప్పుడు దానికి కొంత ముందుగా గడ్డి చెక్కి, ఆకులలము ఊడ్చి, నేల కనబడునట్లు బాట తీయుదురు. ఆ బాటనుండి మంట వైపునకు ఎదురు నిప్పు పెట్టుట మరియొక ఉపాయము. గాలిపోకడ తెలిసిన అటవీ సిబ్బంది ఆధ్వర్యమున తప్ప గ్రామస్థులు తమంతట తాము దీనికి పూనుకొనరాదు. ఎదురు నిప్పు దారితప్పిన, ఒక మంట రెండు మంటలగును.

మంట ఎగువకు మిక్కిలి వేగముగా పరుగిడునను సంగతి మరువరాదు. పల్లమునందలి మంట తన పైనున్న గడ్డిని వేడిచేసి ముందే ఎండబెట్టును గనుక, ఏటవాలు హెచ్చినకొలది వేగము హెచ్చును. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో నడచిపోవుచున్న యాత్రికుల బృందము ఇట్టి గడ్డిమంటలో చిక్కుకొనగా ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిని రక్షించుటకు విమానదళపు హెలికాప్టర్లు పోయినవి. కాని మంట అంతకుముందే తన పని ముగించినది. కావున మంటకు ఎగువన నిలిచి పనిచేయుమని ఎవరినిగాని, ముఖ్యముగా ఉత్సాహవంతులైన యువకులను పంపరాదు. ఇప్పటికే కాలిపోయిన నేల తప్పించుకొనుటకు అన్నిటికంటె క్షేమమైన చోటు. హెలికాప్టరు నీరు విడుచుచోట కూడ ఎవరును నిలువరాదు. ముప్పదియైదు క్వింటాళ్ల నీరు మీదపడుట వానలో తడియుట వంటిది కాదు. కొమ్మలు విరుగును, రాళ్లు దొరలును.

నిప్పు ఎట్లు పుట్టుచున్నది?

మన అడవులలో కార్చిచ్చు దానంతటదే పుట్టుట చాల అరుదు. వెదురు వెదురు రాచుకొని నిప్పు పుట్టునను మాట తరచు వినబడును; దానిని నమ్మి చేతులు ముడుచుకొనుట మనకు సుఖముగానుండును. బీడీ ముక్క, తేనెపట్టుకు పెట్టిన పొగ, వంటచేసి ఆర్పక విడిచిన పొయ్యి, ఎర్రచందనపు దొంగలు రగిల్చిన నిప్పు, కొత్త గడ్డి మొలచునని పశువుల కాపరి పెట్టిన మంట, ఇవియే సాధారణముగా కారణములు.

వీనిలో చివరిదానిని గూర్చి కొంత నిదానముగా ఆలోచింపవలసియున్నది. కాపరి దుర్మార్గుడు కాడు. ముదిరిన బోదగడ్డిని పశువు ముట్టదు. కాల్చినచో కొద్ది దినములలో లేత చిగురు వచ్చునని అతడెరుగును, అది నిజమే. కాని అదే చోట ఏటేట కాల్చినచో పశువులు ఇష్టముగా తిను గడ్డిజాతులు తగ్గి, మొరటు గడ్డియే మిగులును. ఈ కొండలలో తప్ప లోకములో మరెక్కడను సహజముగా విరివిగా పెరుగని ఎర్రచందనపు లేత మొక్కలు మాడిపోవును. పెద్ద మ్రానులు తిరిగి చిగిర్చినను మొక్కలు బ్రతుకవు. గడ్డి వేళ్ల పట్టు సడలిన నేలమీద తొలివాన కురియగానే బూడిదయు మట్టియు కొట్టుకొనివచ్చి దిగువ చెరువులలో పూడికగా చేరును. తిరుపతికి నీరిచ్చు కల్యాణి జలాశయము ఈ కొండల నీటినే నమ్ముకొనియున్నది. కొండమీద కాలిన గడ్డికిని, దిగువ ఆయకట్టు రైతుకు తగ్గిన నీటికిని గల సంబంధమును పంచాయతీ సమావేశములో ఆ ఇరుపక్షముల వారిని కూర్చుండబెట్టి మాటలాడుట మంచిది. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము 1967 ప్రకారము రిజర్వు అడవికి నిప్పుపెట్టుట నేరమని చెప్పి ఊరకుండుటచే కాపరి ఆకలిపశువునకు మేత దొరకదు.

గడ్డి ఎండకముందే కోసి తెచ్చుకొనుటకు వీలు కల్పించుట ఒక మార్గము. అభయారణ్యములలోను, 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానములోను ఇట్టి కోతకు వన్యప్రాణి చట్టము అడ్డగును. కాని వాని వెలుపలి అడవులలో వన సంరక్షణ సమితుల ద్వారా అటవీశాఖతో మాటలాడి అనుమతి పొందవచ్చును. కోసిన గడ్డి పశువుకు మేతయు, కొట్టమునకు కప్పును అగును. కొండమీద మంటకు మేత తగ్గును.

ఇక పంచాయతీ చేతిలోనున్న పనులను చూతము. సంక్రాంతి దాటిన వెంటనే జరుగు సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టవలయును. ఏప్రిల్ నెలలో చర్చించిన ప్రయోజనము లేదు. అడవి అంచునగల పొలముల గట్లమీది చెత్తను రైతులు ఆ లోపుననే, గాలిలేని ఉదయమున, మనుష్యులు కాపుండగా కాల్చుకొనవలయును. అటవీశాఖవారు తీయు అగ్నినిరోధక బాటల పనికి గ్రామమునుండియే కూలీలను పంపినచో కూలియు గ్రామమునకే చేరును, బాట ఎటు పోవునో పదిమందికి తెలియును.

చెరువు సంగతి వేరుగా చెప్పవలసియున్నది. మార్చి నెలలో మన జిల్లాల చెరువులు పెక్కు అడుగంటును. తొట్టి మునుగుటకు రెండు మూడు మీటర్ల లోతైనను ఉండవలయును. కావున పూడిక తీయునప్పుడు చెరువంతయు సమముగా పైపైన గీకుటకంటె, ఒకచోట లోతుగా మడుగువలె త్రవ్వించి నీరు నిలుపుట మేలు. అది పశువులకును వేసవిలో ఆధారమగును. ఆ మడుగుమీదుగా కరెంటు తీగలు పోరాదు. చేపలవలలు, కొయ్యలు ఉండరాదు. తిరుమలలో గోగర్భము, పాపవినాశనము, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార జలాశయములున్నవి. కొండ దిగువ గ్రామములకు అట్టి సౌకర్యము లేదు. తమ పరిధిలో వేసవిలోను లోతునీరు నిలుచు చోట్లు ఏవో వ్రాసి, తహశీల్దారుకును అటవీ క్షేత్రాధికారికిని ముందుగానే అందజేసిన పంచాయతీ, ఆపద సమయమున పైలటుకు ఒక గంట కాలమును మిగిల్చినదగును.

హెలికాప్టరు దిగవలసివచ్చినచో పాఠశాల ఆటస్థలము వంటి బయలు కావలయును. అచట గడ్డివాములు, రేకులు, పట్టలు గాలికి లేచునవి ఉండరాదు. జనము మూగుట తప్పదు గనుక, వారిని దూరముగా నిలుపుటకు నలుగురిని ముందే నియమించుకొనవలయును. తాడు కట్టినను పిల్లలు దూరుదురు.

చివరకు, పంచాయతీ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో బీటు అధికారి, క్షేత్రాధికారి, తహశీల్దారుల ఫోను సంఖ్యలను, అగ్నిమాపకశాఖ 101 సంఖ్యను వ్రాయించవలయును. అధికారులు బదిలీ అగుదురు. కావున ప్రతి జనవరిలో ఆ సంఖ్యలకు ఒకసారి ఫోను చేసి, అవతల పలుకువారెవరో సరిచూచి దిద్దవలయును. కార్యాలయము తలుపు చదువరులే తెరతురుగాని, మేకల కాపరి దానిని తెరచి చదువడు. అతని ఫోనులో బీటు అధికారి సంఖ్యను ఎక్కించి, ఒకసారి అతనిచేతనే పిలిపించి చూపవలయును.