పాడి పాఠం: మసకబారిన మీటరు అద్దాన్ని బాగుచేసుకొనే విధానం

పాల సేకరణకు తిరిగే బండిలో డ్రైవరు ఎదుట నాలుగైదు మీటర్లుంటాయి. వేగం, డీజిలు, ఇంజను వేడి, కొన్ని బండ్లలో ఆయిలు ఒత్తిడి వీటిలో కనిపిస్తాయి. వీటి మీద తేటగా ఉండే మూత ఒకటి ఉంటుంది. వాడుకలో దానిని మీటరు అద్దం అంటున్నా, నేటి బండ్లలో అది చాలావరకు ప్లాస్టిక్కే. కొన్నేళ్ళు గడిచేసరికి ఈ మూత పొగపట్టిన లాంతరు చిమ్నీలా మారుతుంది. ఎండ ఏటవాలుగా పడే వేళ ముల్లు ఎక్కడున్నదీ కనిపించదు. బండి నడుస్తున్నది గదా అని ఊరుకోవడం పరిపాటి అయింది. అలా ఊరుకోరాదనీ, చాలా సందర్భాలలో సబ్బునీళ్ళు, నూలుగుడ్డ, కొంచెం ఓపికతోనే దీనిని బాగుచేసుకోవచ్చుననీ సభ్యులకు ఈ పాఠంలో వివరిస్తున్నాము.

ఇంత పట్టింపు ఎందుకు?

ఎల్లారెడ్డి నుండి లింగంపేట, తాడ్వాయి మీదుగా కామారెడ్డికి వచ్చే దారిని తీసుకుందాము. వేసవిలో ఈ ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బండి ఊరూరా ఆగుతూ, ఇంజను ఆపకుండానే క్యాన్లు ఎక్కించుకుంటూ వస్తుంది. రేడియేటరులో నీరు తగ్గినా, ఫ్యాను బెల్టు వదులైనా ముందుగా చెప్పేది వేడి చూపే మీటరే. ముల్లు ఎర్రగీత వైపు పోవడం డ్రైవరు చూస్తే, బండిని నీడన ఆపి, ఇంజను చల్లారాక నీరు పోసుకొని బయలుదేరుతాడు. చూడకపోతే హెడ్డు గాస్కెటు పోతుంది, హెడ్డే వంకరపోవచ్చు. బండి నడిదారిలో నిలిచిపోతుంది.

నష్టం బండితో ఆగదు. పితికిన పాలు గేదె ఒంటి వేడితోనే, అంటే సుమారు 38 డిగ్రీలతో వస్తాయి. ఆ వేడి దగ్గర పాలలోని సూక్ష్మజీవులు అరగంటకోసారి రెట్టింపు కాగలవు. అందుకే పాలను వీలైనంత త్వరగా 4 డిగ్రీలకు చల్లబరచాలని చెబుతుంటాము. రెండు గంటలు ఎండలో నిలిచిన క్యాన్లలో పులుపు పెరిగి, కాచి చూస్తే పాలు విరిగిపోవచ్చు. అలాంటి పాలను కేంద్రంలో తీసుకోరు. పొద్దున్నే లేచి పాలు పితికి పోసిన ప్రతి ఇంటికీ ఆ నష్టంలో వాటా ఉంటుంది. కనుక మీటరు అద్దం డ్రైవరు ఒక్కడి విషయం కాదు, సంఘం విషయం.

మసక ఎందుకు వస్తుంది?

మీటరు మూతలను ఎక్కువగా ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తోనూ, కొన్నిటిని పాలీకార్బొనేట్‌తోనూ చేస్తారు. మొదటిది 1930ల నుండి వాడుకలో ఉంది. రెండవదానిని 1953లో జర్మనీలోని బేయర్ సంస్థలో హెర్మన్ ష్నెల్ కనుగొన్నాడు. రెండూ తేలిక, గాజులా తేలికగా పగలవు. అయితే రెండూ గాజుకంటే మెత్తన. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మన దారులలోని దుమ్ములో సన్నని ఇసుక రేణువులుంటాయి. ఇసుక గాజునే గీయగలదు, ఇక ప్లాస్టిక్ ఎంత? దుమ్ముపట్టిన మీటరును పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే కంటికి ఆనని గీతలు అనేకం పడతాయి. ఏళ్ళ తరబడి రోజూ ఇలా తుడవగా ఆ గీతలన్నీ కలిసి మసకగా కనిపిస్తాయి. బండిని శుభ్రంగా ఉంచాలనే మంచి అలవాటే, పద్ధతి తెలియనందువల్ల చెడు చేస్తున్నది.

మసకకు వేరే కారణాలూ ఉన్నాయి. ఎండలో మూసి ఉంచిన బండిలో డాష్‌బోర్డు వేడెక్కి, అందులోని నూనెవంటి పదార్థాలు ఆవిరై మూత లోపలివైపున పలుచని పొరగా పేరుకుంటాయి. వానాకాలంలో లోపల చెమ్మ చేరుతుంది. ఏళ్ళ తరబడి ఎండ తగిలితే కొన్ని ప్లాస్టిక్‌లు లోలోపలే పసుపురంగుకు తిరుగుతాయి. పెట్రోలు, థిన్నరు తగిలిన చోట సాలెగూడు వంటి సన్నని నెర్రెలు లేస్తాయి.

ముందు నీటి పరీక్ష

మందు వేయడానికి ముందు రోగం ఎక్కడున్నదో తెలియాలి. దానికి సులువైన పరీక్ష ఉంది. మూతను సబ్బునీటితో శుభ్రం చేసిన తరువాత, తడివేలితో పలుచగా నీరు రాసి చూడండి.

తడి ఉన్నంతసేపు అంకెలు తేటగా కనిపించి, ఆరగానే మళ్ళీ మసకబారితే లోపం పైనున్న గీతలలో ఉన్నట్లు. ఇది మన చేతిలో బాగయ్యేదే.

తడిపినా మసక అలాగే ఉంటే లోపం లోపలివైపున గాని, ప్లాస్టిక్‌లోనే గాని ఉన్నట్లు. పైన ఎంత రుద్దినా లాభం లేదు.

దీని కారణం తెలుసుకోవడం మంచిది. బజ్జీలు కట్టిన కాగితం నూనె అంటిన చోట అవతలివైపు కనిపించేలా తేటపడటం అందరూ చూసినదే. కాగితపు పోగుల మధ్య గాలి ఉన్నప్పుడు వెలుతురు చెదిరిపోతుంది. ఆ గాలి స్థానంలో నూనె నిండితే వెలుతురు తిన్నగా పోతుంది. గీతలలో నీరు నిండినప్పుడు జరిగేదీ అదే.

కొందరు డ్రైవర్లు మీటరుకు కొబ్బరినూనె రాసి బాగైందనుకొంటారు. నూనె కూడా గీతలను నింపుతుంది గనుక అప్పటికి తేటగానే ఉంటుంది. కాని ఆ జిడ్డుకు సాయంత్రానికి దుమ్ము పడుతుంది. మరునాడు దానిని తుడవడంతో గీతలు మరింత లోతవుతాయి. కనుక నూనె రాయడం మానవలెను.

బాగుచేసే క్రమం

ఎప్పుడూ తక్కువ పని చేసే మందుతో మొదలుపెట్టాలి. దానితో కుదరకపోతేనే తరువాతిదానికి పోవాలి.

1. బండిని నీడన నిలిపి, మూత చల్లారనివ్వాలి. మెత్తని కుంచెతో గాని, ఊది గాని పైదుమ్ము దులపాలి.

2. కొద్దిగా సబ్బు కలిపిన నీటిలో మెత్తని నూలుగుడ్డ ముంచి, బాగా పిండి, అదిమిపెట్టకుండా తుడవాలి. పాత మల్లుపంచె గుడ్డ దీనికి శ్రేష్ఠం. నీళ్ళు మీటరు మీద పోయరాదు, అంచుల సందులలో నుండి లోపలికి పోతాయి. తరువాత మంచినీటి గుడ్డతో తుడిచి, వేరొక గుడ్డతో అద్ది ఆరనివ్వాలి. సగం బండ్లకు ఈపాటి పనే చాలవచ్చు.

3. గీతలు మిగిలితే మూత చుట్టూ మాస్కింగ్ టేపు అంటించాలి. తెల్లని టూత్‌పేస్టు శనగగింజంత తడిగుడ్డకు తీసుకొని, వేళ్ళ కొసలతో చిన్నచిన్న సున్నలు చుట్టినట్లు రెండు మూడు నిమిషాలు రుద్దాలి. ముందుగా ఒక మూలన ప్రయత్నించి చూడాలి. పేస్టులోని మెత్తని పొడి గీతల అంచులను అరగదీసి నునుపు చేస్తుంది. పలుకులు తగిలే పండ్లపొడి, బొగ్గు, బూడిద వాడరాదు.

4. పేస్టుకు లొంగని గీతలకు రంగుల దుకాణాలలో దొరికే వాటర్ పేపరు వాడాలి. 1500 నంబరు కాగితాన్ని నీటిలో నానబెట్టి, తడిగా ఉంచుతూ తేలికగా రుద్దాలి. తరువాత 2000 నంబరుతో అడ్డంగా రుద్దాలి. ఈ దశలో మూత అంతా పాలలా తెల్లబడుతుంది, భయపడనక్కరలేదు. ఆపైన ప్లాస్టిక్‌కు పనికివచ్చే సన్నని పాలిషుతో రుద్దితే తేటపడుతుంది. గోరు తట్టుకునేంత లోతైన గీత పూర్తిగా పోదు. దానికోసం ఒక్కచోటనే రుద్దితే అక్కడ గుంటపడి అంకెలు వంకరగా కనిపిస్తాయి. తిరిగే యంత్రాలతో పాలిషు చేయరాదు, రాపిడి వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

కొన్ని కొత్త బండ్ల మూతలకు వెలుతురు తిరగగొట్టకుండా ప్రత్యేకమైన పూత ఉంటుంది. మూలన రుద్ది చూసినప్పుడు మచ్చ పడితే అలాంటి పూత ఉన్నట్లే. అప్పుడు సబ్బునీటితో ఆపివేయాలి.

లోపం లోపల ఉంటే

మీటరు పెట్టె ఊడదీయడం తెలిసిన మెకానిక్కు చేతనే చేయించాలి. ముందుగా బ్యాటరీ తీగ తీయించాలి. మూత వేరుచేశాక దానిని విడిగా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ముళ్ళను, అంకెల పలకను వేలితో ముట్టరాదు. ముల్లు కొంచెం జరిగినా ఆ తరువాత అది చూపేది అబద్ధమే. తిరిగిన కిలోమీటర్ల అంకెల జోలికి పోరాదు.

మరొక సంగతి. ప్లాస్టిక్‌ను పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే దానిలో స్థిర విద్యుత్తు పుడుతుంది. తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కలను లాగినట్లే, అది తేలికపాటి ముల్లును లాగి పట్టవచ్చు. పాలిషు చేశాక ముల్లు తప్పు చూపిస్తే కంగారు పడకుండా తడిగుడ్డతో ఒకసారి తుడిచి చూడాలి.

ప్లాస్టిక్ లోలోపల పసుపెక్కినా, నెర్రెలు లేచినా బాగుచేయడం కుదరదు. మూత మార్చడమే మార్గం. పసుపెక్కిన దానికి పాలిషుల మీద డబ్బు పెట్టడం దండగ.

దగ్గరకు రానీయకూడనివి

సంఘంలో చేతికందే వస్తువులే ప్లాస్టిక్‌కు ఎక్కువ చెరుపు. పెట్రోలు, థిన్నరు, స్పిరిటు, గోళ్ళరంగు తీసే మందు ఆక్రిలిక్‌ను నెర్రెలిస్తాయి. క్యాన్లు కడిగే కాస్టిక్ సోడా పాలీకార్బొనేట్‌ను తినివేస్తుంది. అమోనియా కలిసిన అద్దాల మందు గాజుకే గాని ప్లాస్టిక్‌కు తగదు. వెన్న పరీక్షకు వాడే ఆమిల్ ఆల్కహాలు, గంధకికామ్లం ఉన్న బల్లమీది గుడ్డను ఈ పనికి ఎన్నడూ వాడరాదు.

తూకపు యంత్రం సంగతి

ఇదే జాగ్రత్త సంఘం గదిలోనూ అవసరం. ఎలక్ట్రానిక్ తూకానికి, పాల పరీక్ష యంత్రానికి అంకెలు కనిపించే చోట ఇలాంటి ప్లాస్టిక్కే ఉంటుంది. అది మసకబారితే 3 ఏదో 8 ఏదో తేలదు. వెన్న శాతంలోని ఒక్క అంకెతో సభ్యురాలికి వచ్చే డబ్బు మారుతుంది. తన పాల లెక్కను తన కళ్ళతో చూసుకోవడం ప్రతి సభ్యుని హక్కు. అంకెలు కనిపించని చోట కార్యదర్శి ఎంత నిజాయితీపరుడైనా అనుమానం పుడుతుంది. కాబట్టి వారానికొకసారి తడిగుడ్డతో ఆ ప్లాస్టిక్‌ను తుడవాలి. అయితే తూకపు యంత్రాన్ని విప్పరాదు. దానిపై తూనికలు కొలతల శాఖ వారి సీలు ఉంటుంది. లోపలి లోపమైతే లైసెన్సు ఉన్న రిపేరుదారునే పిలవాలి.

ఇకపై చేయవలసినది

బండిలో ఒక చిన్న డబ్బాలో రెండు మెత్తని నూలుగుడ్డలు ఉంచి, వాటిని వేరే పనికి వాడకుండా చూడాలి. బండి నిలిపినప్పుడు నీడ చూసుకోవాలి. నీడ లేకపోతే డాష్‌బోర్డు మీద ఒక గుడ్డ కప్పాలి. పొడిగా తుడిచే అలవాటు మానితే సగం మసక రాకుండానే ఉంటుంది.

సంఘ సమావేశంలో చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన పాలబండిలో వేడి చూపే మీటరు మిట్టమధ్యాహ్నం డ్రైవరు సీటులో నుండి కనిపిస్తున్నదా? ఎవరు చూశారు?

2. నీటి పరీక్షలో మసక పోతే లోపం ఎక్కడున్నట్లు? పోకపోతే?

3. కొబ్బరినూనె రాయడం ఎందుకు మానాలి?

4. పాలు పోసే వరుసలో నిలబడిన సభ్యురాలికి మన తూకపు అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయా?

నాలుగవ ప్రశ్నకు జవాబు సభ్యురాళ్ళ నోటినుండే రావాలని కోరుతున్నాము.